మా నాయన పేరు ఖాళీగా లేదన్నాను

ఊళ్లో నన్ను చూసి అందరూ జాలిపడతారు. ఆ జాలి నాకు మోయలేని బరువైంది. నమ్మిన పార్ట్‌నర్ నట్టేట ముంచాడు పాపం అంటారు, టీ కొట్టు దగ్గర నాకు కుర్చీ లాగి వేస్తారు. నేను కూర్చుంటాను. మొహం కూడా దానికి తగ్గట్టు పెడతాను. ఇన్నేళ్లుగా పెట్టీ పెట్టీ ఇప్పుడు నా అసలు మొహం ఏదో నాకే గుర్తు లేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పడానికి నోరు వస్తోంది.

మాది బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీ. ఇళ్లలో నేలకు పరిచే నాపరాళ్లు కోసి నునుపు చేసి అమ్ముతాం. పెట్టుబడి మా నాయనది, పనితనం నా పార్ట్‌నర్ ఖాజా వాళ్ల నాయనది. బోర్డు మీద మాత్రం ఒక్క పేరే, పీరయ్య. అది మా నాయన పేరు. శెట్ల ఇంట్లో ఆ పేరేమిటని బయటివాళ్లు అడుగుతారు. మా అవ్వకు పుట్టిన బిడ్డలు నిలవకపోతే పీర్ల పండగకు మొక్కుకుంది. ఆ ఏడు పీరును ఎత్తుకున్నది ఖాజా వాళ్ల తాత. ఆ తర్వాత పుట్టి నిలిచినవాడు మా నాయన. మా వైపు ఇట్లాంటి పేర్లు వీధికి నాలుగు ఉంటాయి, ఎవరూ వింతగా చూడరు. ఆ పేరు మాకెంతో ఖాజా వాళ్లకూ అంతే.

మా వ్యాపారంలో పేరు సంగతి కూడా చెప్పాలి. లారీకి ఎక్కించే ముందు ప్రతి దొంతిలో పైబండ వెనక ఎర్ర రంగుతో ఫ్యాక్టరీ పేరు రాస్తాం. ఏజెంటు ఆ పేరు చూసి కొంటాడు, దొంతి విప్పి చూడడు. ఒకరి పేరు ఇంకొకరు వాడుకున్నారంటే మా బజార్లో అంతకన్నా నీచం లేదు. సరుకు డబ్బులు ఎగ్గొట్టినవాడికైనా పెళ్లికి పిలుపు వస్తుంది. పేరు కొట్టేసినవాడి సరుకు ఎవరూ ముట్టరు, వాడి గడప తొక్కరు.

నాయనలిద్దరూ పోయాక ఫ్యాక్టరీ నాకూ ఖాజాకూ వచ్చింది. ఇంటర్నెట్ సెంటర్లు సందుసందుకూ తెరుస్తున్న రోజులవి. బెంగళూరులో ఇళ్లు కట్టేవాళ్లు ఫోన్ చేసి మీకు వెబ్‌సైటు ఉందా అని అడగడం మొదలుపెట్టారు. పెడదామన్నది ఖాజానే. నా బావమరిది బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు కాబట్టి పని నామీద వేశాడు. పేరు పీరయ్యదే, దాంట్లో అడిగేదేముంది అన్నాడు.

బావమరిది ఫోన్లో చాలాసేపు పాఠం చెప్పాడు. మనల్ని ఎప్పుడూ చూడనివాడికి కనపడేది ఆ పేరొక్కటే, అది పొట్టిగా ఉండాలి, తప్పు లేకుండా టైపు కొట్టగలగాలి, చూడగానే నమ్మకం కలగాలి అన్నాడు. బాగానే ఉంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, పీరయ్య అంటే దూరపువాళ్లు సాయిబుల ఫ్యాక్టరీ అనుకుంటారు బావా, లక్ష్మి పేరో ఇంకో దేవుడి పేరో ఉంటే మేలు అన్నాడు.

సగం ఫ్యాక్టరీ వాళ్లదేరా అని ఒక్క మాట అనొచ్చు కదా నేను? అది మా నాయన పేరురా అనొచ్చు కదా? అనలేదు. నిజం చెప్పాలంటే వాడు కొత్తగా చెప్పిందేమీ లేదు. పరాయి ఊళ్లో ఎవరైనా నాయన పేరు అడిగితే గబుక్కున చెప్పి మాట మార్చేవాణ్ని. వాడి నోటితో వినేసరికి, ఇది నా బుద్ధి కాదు, వ్యాపారం అని నాకు నేను చెప్పుకోవడానికి వీలు దొరికింది. లక్ష్మి పేరు ముందు పెట్టి, వెనక బండల మాట తగిలించి ఒక పేరు కొన్నాం.

ఖాజాకు ఏం చెప్పాలి? ఇంటర్నెట్‌లో ఒక పేరు ఒకరు తీసుకుంటే ఇంకొకరికి దొరకదు. నా అబద్ధానికి అదే ఆసరా అయింది. పీరయ్య పేరు ఎవరో ముందే తీసుకున్నారంట అన్నాను. పాపం, వాడు వదిలిపెట్టలేదు. ముందు ఊరి పేరు పెడదామన్నాడు, వెనక నాపరాయి పెడదామన్నాడు. పని ముగించుకుని మొహం మీద దుమ్ము కడుక్కుంటూ కొత్త కొత్తగా చెప్పేవాడు. నేను ఫోన్ పట్టుకుని పక్కకు పోయి, ఎవరికీ చేయకుండానే తిరిగొచ్చి, అదీ పోయిందంట అనేవాణ్ని. మన పీరయ్యను ఊరూరా ఎత్తుకున్నారే అని నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ని.

సైటు నడిచింది. ఆర్డర్లు వచ్చాయి. సైటులో ఒక పేరు, బండ మీద ఒక పేరు ఉంటే కొనేవాడికి అనుమానం వస్తుందని, ఎర్ర రంగుతో రాసే పేరు కూడా మార్పించాను. కుంచె పట్టుకుని మొదటి దొంతి మీద కొత్త పేరు రాసింది ఖాజానే.

ఒకరోజు వాడు కర్నూలులో ఒక ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లాడు. పీరయ్య పేరు తీసుకున్న మనిషెవరో తెలుసుకుని, బతిమాలో బామాలో ఆయన దగ్గర కొందామని. నాతో చెప్పలేదు, తెచ్చి చూపించి సంతోషపెడదామనుకున్నాడట. మర్నాడు పొద్దున ఆఫీసు గది తలుపు దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

"ఆ పేరు ఎవురూ తీసుకోలేదంటప్పా. ఎప్పుడూ ఖాళీగానే ఉండాదంట."

నేను ముందున్న లెక్కల పుస్తకం మూశాను.

"నువ్వు అబద్ధం చెప్పినావని ఇంకెవురికన్నా తెలిస్తే బాగుండదు. అందుకని నేనే తీసుకున్నా. ఇంక ఎవురు సూసినా తీసుకున్నట్లే ఉంటాది. నీకు ఎప్పుడు కావాలన్నా రాసిస్తా."

"నన్నడగకుండా ఎందుకు తీసుకున్నావు?" అన్నాను. అనడానికి ఆ క్షణంలో నాకు దొరికిన మాట అది.

"మీ నాయన పేరు నీకే సిగ్గయితే, నిన్ను ఏమని అడిగేదప్పా?"

అరవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే కాళ్లు పట్టుకునేవాణ్నేమో. వాడి నిదానం చూసి నాకు ఒళ్లు మండింది. నాలోపలున్నది చూసేశాడు, అది నేను తట్టుకోలేకపోయాను. నెల తిరక్కుండా వేరుపడ్డాం. వాడు తన మెషిన్లు తీసుకుని డోన్ రోడ్డులో షెడ్డు వేసుకున్నాడు, తన పేరే రాసుకున్నాడు. వాడి చేతి నునుపు తెలిసిన ఏజెంట్లు ఒక్కొక్కరే అటు తిరగడం మొదలుపెట్టారు. నా యార్డులో దొంతులు కదలలేదు. నాకు భయం పట్టుకుంది.

ఇక్కడినుంచి చెప్పడానికే ఇంతసేపూ తచ్చాడాను.

ఏ పేరు ఎవరి చేతిలో ఉందో అప్పట్లో ఎవరైనా కంప్యూటర్లో చూడొచ్చు. బండల వ్యాపారుల పెద్దల్ని నా ఆఫీసుకు పిలిచాను. పీరయ్య పేరు కొట్టి, దాని కింద ఖాజా పేరు, వాడి ఊరు చూపించాను. చచ్చిపోయిన మా నాయన పేరు దొంగతనంగా తీసుకుని నా వ్యాపారం లాక్కోవాలని చూస్తున్నాడని చెప్పాను. ఏడ్చాను కూడా. ఆ ఏడుపు నిజమైనదే, ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

ఖాజాను పిలిపించారు. ఈ పేరు నువ్వే తీసుకున్నావా అని అడిగారు. తీసుకున్నా అన్నాడు. ఎందుకు తీసుకున్నావంటే జవాబు చెప్పకుండా నావైపు చూశాడు. నిజం వాడి నోటి నుంచి వస్తే పరువు పోయేది నాది. వాడు చెప్పలేదు. నేనే చెబుతానని చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. చెబుతానని అంత నమ్మకం ఎట్లా పెట్టుకున్నాడు నామీద, అంత జరిగాక కూడా? నేను కంప్యూటర్ వైపు తిరిగి కూర్చున్నాను. ఇంక వాడి దగ్గర ఎవరూ సరుకు తీసుకోవద్దని పెద్దలు తేల్చేశారు. నేను వద్దనలేదు.

షెడ్డు మూతపడింది. ఇల్లు ఖాళీ చేసి, పెళ్లాంబిడ్డలతో తాడిపత్రి పోయి ఎవరి ఫ్యాక్టరీలోనో కూలికి పాలిష్ పడుతున్నాడని విన్నాను. ఆ ఇంటర్నెట్ పేరుకు ఏడాదికోసారి మళ్లీ కట్టాలి, లేకపోతే పోతుంది. నేను దొంగచాటుగా చూసేవాణ్ని. తాడిపత్రి నుంచి కూడా కడుతూనే ఉన్నాడు. తెరిస్తే ఏమీ ఉండదు, వట్టి తెల్లపేజీ. కోపమా అది? లేక ఇస్తానన్న మాట మీద ఉన్నాడా? నేనడిగితే రాసిస్తానన్నాడు కదా. అడగలేదు. కొన్నేళ్లకు ఒకసారి చూస్తే కట్టలేదు, పేరు పోయింది. అప్పుడు నాకేమనిపించిందో చెప్తే ఉమ్మేస్తారు. నన్ను వదిలేశాడే, మోసం చేశాడే అనిపించింది. సొంత తమ్ముడు చెయ్యి విడిపించుకున్నట్టు రెండు రోజులు అన్నం సయించలేదు. వాణ్ని అంత చేసి, మోసపోయినట్టు బాధపడింది నేను!

ఇదంతా లోపలే పెట్టుకుని పోదామనుకున్నాను. కానీ మొన్న మా యార్డులో ఇద్దరు కుర్రవాళ్లు మాట్లాడుకుంటుంటే విన్నాను. పక్క ఊళ్లో ఎవడో వేరే ఫ్యాక్టరీ పేరు రాసుకుని లారీ పంపాడట. వాడు ఖాజా పని చేసినాడురా అన్నాడు ఒకడు. ఇంకొకడికి వెంటనే అర్థమైంది. ఖాజా ఎవరో ఆ ఇద్దరికీ తెలియదు. వాళ్లు పనిలో చేరేసరికే వాడు ఊరు వదిలిపోయాడు. మా బజార్లో దొంగతనానికి వాడి పేరు పెట్టుకున్నారు, అందరికీ అలవాటైపోయింది. నేను పక్కనే నిలబడి లెక్క చూసుకుంటున్నవాడిలా తల ఊపాను.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. వాడి చేతిలో ఉన్నా అడిగే మొహం నాకు లేదు. పెద్దల ముందు ఎప్పటికైనా నోరు విప్పుతానా అంటే, తెలియదు. ఇంత రాశాక గుండె మీద కొంచెం గాలి ఆడుతోంది, అంతవరకే చెప్పగలను. మా వైపు ఎప్పుడైనా వచ్చి, ఎవరి నోటనైనా ఆ మాట వింటే, మీకు మాత్రం తెలిసి ఉండాలి. అది ఖాజా పని కాదు. నా పని.