అమ్మని తీసుకురమ్మంటారని

2023 జూన్, బడులు తెరిచిన కొత్త. అప్పుడు నేను విజయవాడలో ఒక ఆసుపత్రి క్యాజువల్టీలో స్టాఫ్ నర్సుని. ఆటోనగర్ దగ్గరే కాబట్టి రేకు కోసుకున్నవాళ్లు, వేలు నలిగినవాళ్లు రోజూ వచ్చేవాళ్లు. ఆ మధ్యాహ్నం యూనిఫాంలో ఉన్న తొమ్మిదో తరగతి పిల్లాణ్ని వాళ్ల నాయనమ్మ ఆటోలో తీసుకొచ్చింది. తొడ మీద కత్తిగాయం.

కత్తి వాడు తెచ్చుకున్నదే. నాయనమ్మ మరియమ్మ బడి పక్కన జామకాయలు కోసి అమ్ముతుంది, ఆ చాకు. వీడు జేబులో పెట్టుకెళ్లాడు. తోటివాడితో కలబడి కిందపడితే వీడికే దిగింది. ఇలాంటిదాన్ని మేం ఎమ్మెల్సీ అంటాం, పోలీసులకి తెలియజెయ్యాల్సిన కేసని. డాక్టరుగారు కుట్లు వేస్తుంటే పక్కన నిలబడి వాణ్ని దులిపేశాను. నా నోరు ఊరుకోదు.

"కత్తి పట్టుకు తిరిగే వయసేంట్రా నీది? ఎవర్ని పొడుద్దామని?"

"ఎవర్నీ కాదు సిస్టర్. సార్‌కి కనపడాలని పెట్టుకున్నా."

"కనపడితే?"

"అమ్మని తీసుకురమ్మంటారుగా."

వాడి పేరు సుధీర్. తండ్రి లేడు. వీడు ఏడో తరగతిలో ఉండగా తల్లి ఇంటిపనికి కువైట్ వెళ్లింది. మొదట హోంవర్కు ఎగ్గొట్టాడట. పేరెంట్‌ని తీసుకురమ్మంటే నాయనమ్మ వెళ్లింది. కిటికీ అద్దం పగలగొట్టాడు, మళ్లీ నాయనమ్మే వెళ్లింది. "నాయనమ్మ వస్తే సరిపోనంత తప్పు చెయ్యాలనుకున్నా" అన్నాడు. నా కోపమంతా ఎక్కడికి పోయిందో! మరియమ్మ "నేనున్నాను గదరా అయ్యా" అంటూ గోడవారన కూలబడింది.

వాళ్లమ్మకి వీడియో కాల్ కలుపుతుంటే సుధీర్ నా చెయ్యి పట్టుకున్నాడు. "పెద్ద దెబ్బని చెప్పండి సిస్టర్. వచ్చేస్తది."

చెప్పాలని ప్రాణం కొట్టుకుంది. కానీ అంత దూరాన ఉన్న తల్లిని ఎలా భయపెట్టను? లోతు తక్కువే, నరానికి తగల్లేదమ్మా అన్నాను. వాడు మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు.

"దేవుడి దయండీ" అని వాళ్లమ్మ ఏడ్చింది. "రావాలనే ఉందండీ. పాస్‌పోర్టు నేను పనిచేసే ఇంటివాళ్ల దగ్గరుంది, ఒప్పందం గడువయ్యేదాకా పంపరు. సిస్టర్ గారండీ, వాణ్ని ఒక్కసారి నిలబెడతారా? ఫోన్లో ఎప్పుడూ మొహమే కనపడతది. ఎంత పొడుగయ్యాడో నేను చూళ్లేదు."

డాక్టరుగారు సరేనన్నట్టు తలూపారు. మరియమ్మ వాణ్ని నడుం దగ్గర పట్టుకుని నిలబెట్టింది. తల నుంచి పాదాల దాకా ఫోన్లో పట్టేవరకు నేను వెనక్కి వెనక్కి జరిగాను. వాడు బాగున్న కాలి మునివేళ్ల మీద లేచాడు.

"నీ అంత అయ్యానా అమ్మా?"

"నన్ను దాటిపోయావు నాన్నా" అందావిడ.

నేను ఏడ్చేశాను. చెప్పడానికి సిగ్గేం లేదు.

పోలీసులు వచ్చి వివరాలు రాసుకెళ్లారు, బడివాళ్లు గట్టిగా మందలించి వదిలేశారు. వాణ్ని మళ్లీ చూళ్లేదు, వాళ్లమ్మ వచ్చిందో లేదో కూడా తెలీదు. ఇప్పటికీ కత్తిగాయాలతో బడిపిల్లలు వస్తూనే ఉన్నారు. ఎవర్ని పొడుద్దామనుకున్నావని అడగడం మానేశాను. ఎవరొస్తే బాగుండునని ఉందిరా అని అడుగుతున్నాను. చాలామంది వెంటనే చెప్పేస్తారు. వాళ్లు చెప్పే మనుషుల్లో, పిలిస్తే రాగలిగేవాళ్లే తక్కువ.