నంబరు నిలవని బొమ్మ

దెయ్యాలను నమ్మేవాళ్ళను చూస్తే నాకు జాలి కూడా కలిగేది కాదు, విసుగొచ్చేది. మా అత్తగారు రాత్రిపూట విజిల్ వేయొద్దంటే ఎందుకో చెప్పమని పట్టుబట్టేదాన్ని. ఇప్పుడు ఇది రాస్తున్నానంటే నమ్మకం కుదిరి కాదు. ఎవరిని అడిగినా సమాధానం దొరక్క.

అనకాపల్లిలో బెల్లం మార్కెట్ దాటాక ఒక పాత భవనంలో చిన్న మ్యూజియం ఉంది. దాని స్టోర్ రూములో ఏళ్ళ తరబడి కాగితాల్లేకుండా పడి ఉన్న వస్తువులకు నంబర్లు వేసి, ఫోటోలు తీసే పని నాకు కాంట్రాక్టు మీద ఇచ్చారు. అన్నిటికీ నంబర్లు పడితేనే కాంట్రాక్టు పొడిగిస్తారు. మా ఆయన పని చేసే ఫ్యాక్టరీ మూతపడి ఉంది కాబట్టి ఆ ఉద్యోగం మాకు చాలా అవసరం.

పెంకులు, పూసలు, విరిగిన కుండల మధ్య అరచేతిలో పట్టే మట్టి బొమ్మ ఒకటి కనిపించింది. ఆడమనిషి తల. కళ్ళూ ముక్కూ అరిగిపోయాయి. ఎవరి చెరకు పొలంలోనో దున్నుతుంటే బయటపడి ఉంటుంది. ఎవరు తెచ్చిచ్చారో ఎక్కడా రాసి లేదు.

నంబరు వేయడానికి ఒక పద్ధతుంది. ముందు కొద్దిగా వార్నిష్ పూయాలి. ఆరాక దాని మీద సన్నని కలంతో నంబరు రాసి, పైన మళ్ళీ వార్నిష్ పూయాలి. ఆ బొమ్మ మెడ వెనక అలాగే రాశాను.

మర్నాడు చూస్తే నంబరు లేదు. వార్నిష్ పొర మాత్రం చెక్కుచెదరకుండా మెరుస్తోంది. ఇంకు చెడిపోయిందనుకుని కొత్త సీసా తెరిచి మళ్ళీ రాశాను. మళ్ళీ పోయింది. అదే సీసాతో అదే రోజు పక్కనున్న పూసల మీద వేసిన నంబర్లు మాత్రం ఉన్నాయి. మూడోసారి రాసి ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకున్నాను. పొద్దున్నకి బొమ్మ మీద ఏమీ లేదు. ఫోటోలో మాత్రం నంబరు స్పష్టంగా ఉంది.

మా ఆఫీసరు గారు అందరి ముందూ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఏటమ్మా, ఇంత చిన్న పని కూడా చేతకాకపోతే ఎలాగ? పైవాళ్ళకి నేనేం చెప్పాలి?"

రాశానని ఫోటో చూపిస్తే వేరే బొమ్మ అయ్యుంటుందన్నారు. అవమానంతో ఒళ్ళు మండిపోయింది. నాలుగోసారి మరింత ముదురుగా రాసి, బొమ్మను బీరువాలో పెట్టి, తాళం నా దగ్గరే ఉంచుకున్నాను.

మర్నాడు ఆదివారం. మా అత్తగారు వెనక కూర్చుని నా తలకు నూనె రాస్తూ ఆగిపోయారు.

"ఏటిదే అమ్మీ? మెడెనకాల నెంబరేటి రాసుకున్నావు?"

ఆటలు పట్టిస్తున్నారనుకున్నాను. ఫోటో తీసి చూపించమన్నాను. ఆమె తీసిచ్చిన ఫోటోను పెద్దది చేసి చూశాను. అదే నంబరు. ఏడు అంకెకు నేను పెట్టే అడ్డగీతతో సహా నా చేతిరాతే. పైన వార్నిష్ మెరుపు. నూనెతో ఎంత రుద్దినా పోలేదు. సోమవారం ఆఫీసులో వార్నిష్ తీసే మందుతో తుడిస్తేనే పోయింది. చర్మం మంటెత్తింది. ఎవరి మెడ వెనక వాళ్ళు అంత చిన్న అంకెలు ఎలా రాసుకోగలరో మీరే చెప్పండి.

బీరువా తెరిచాను. బొమ్మ మెడ ఖాళీగా ఉంది.

రెండు ఫోటోలూ ఆఫీసరు గారి ముందు పెట్టాను. ఉద్యోగం పోతే పోయింది, ఇక ఆ బొమ్మ ముట్టుకోనన్నాను. ఆయనకు కోపం వచ్చింది. "ఇవన్నీ ఫోన్లు చూసి నేర్చుకున్న వేషాలు. ఇలా తే," అని కలం లాక్కుని నా ఎదురుగానే నంబరు రాసి, వార్నిష్ పూసి, బీరువా తాళం తన జేబులో వేసుకున్నారు.

మర్నాడు ఆయన మెడ వెనక పెద్ద ప్లాస్టర్ ఉంది. నేను అడగకుండానే సెలూన్‌లో బ్లేడు తగిలి తెగిందన్నారు. అది నిజమే కావచ్చు. బీరువా తెరవనివ్వలేదు. రిపోర్టులో ఆ ఒక్క వస్తువు రాయకుండా వదిలెయ్యమన్నారు. ఎందుకని ఎన్నిసార్లు అడిగినా వేరే ఫైళ్ళ మాట తెచ్చేవారు. నేను అబద్ధం చెప్పానని నలుగురి ముందూ అన్న మనిషి, అది అబద్ధం కాదని ఒక్క మాట కూడా అనలేదు. భయం కంటే అదే ఎక్కువ బాధించింది.

నా కాంట్రాక్టు పొడిగించారు. ఆయనకు వేరే ఊరికి బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన ఒకరోజు ఆ బొమ్మను బయటికి తీసి, దీనికి నంబరెందుకు లేదని నన్ను నిలదీశారు. ఏం చెప్పాలో తెలియక పాత ఆఫీసరు గారికి ఫోన్ చేశాను. ఇప్పటికైనా ఆ రోజు ఏమైందో చెప్పండి సార్ అన్నాను.

ఆయన మెల్లగా అడిగారు.

"మళ్ళీ రాయనేదు కదమ్మా?"

లేదన్నాను. ఫోన్ పెట్టేశారు.