మోయెన్ గారి ఓటు

అమెరికాలోని మోంటానా రాష్ట్ర శాసనసభ కమిటీలో ఇరవై ఆరేళ్లుగా ఓటింగుకు సభ్యుల పేర్లు పిలిచేది లోర్నా హాగెనే. ఆ ఉదయం పాత శ్మశానాల బిల్లు చర్చకొచ్చింది. సమాధులు తరలించేముందు బంధువులకు చెప్పాలన్న నిబంధనను తీసేయాలన్న సవరణపై ఓటింగు మొదలైంది. అలవాటు కొద్దీ ఆమె, పోయిన వారమే చనిపోయిన ముసలి సభ్యుడు మోయెన్ పేరు కూడా పిలిచేసింది. నాలుక కరుచుకునేలోపే ఆయన ఖాళీ కుర్చీలోంచి, "వద్దు" అని ఆ బొంగురు గొంతే పలికింది.

సభ్యులంతా ఆ కుర్చీ వైపు తిరిగారు.

"లోర్నా, నువ్వూ విన్నావా?" అన్నాడు ఛైర్మన్.

"విన్నానండీ. రాసుకోమంటారా?"

సవరణ తెచ్చినావిడ తన కాగితం వెనక్కి తీసుకుంది. లోర్నా ఆ ఓటు రాసింది. మర్నాడు మినిట్స్‌లో మోయెన్ పేరు ఎదుట "వద్దు" అని చదివినప్పుడు, కొట్టేయమని ఒక్కరూ అనలేదు.