పదమూడో గడి

బీచి రోడ్డు మీద మొక్కజొన్న పొత్తులు కాల్చేచోట ఆరిన బొగ్గుముక్క ఒకటి తీసి వేళ్ళ మధ్య నలిపితే, ఆ గరుకుతో పాటే దానియేలు మేస్టారు వస్తారు. ఆయన బడిపంతులు కాదు. రేవులో ఓడల్లోంచి దిగే బస్తాల లెక్క రాసి రిటైరైన మనిషి. భార్య పోయాక మా ఇళ్ళ వరసలో చివరింట్లో ఒక్కరే ఉండేవారు. ముప్పై ఏళ్ళొచ్చినా కూడికలు దాటని నాకు ఆయన అరుగే బడి, బొగ్గే బలపం.

డెబ్బయ్యో దశకం చివరి రోజులవి. రేవులో బస్తాలు మోసే కళాసీగా చేసేవాణ్ణి. నేను, సూర్రావు, మా మేస్త్రి ఒకే గదిలో ఉండి, ఒకే కుండలో వండుకునేవాళ్ళం. మేస్త్రి నూట ఇరవై పెట్టి రేడియో తెచ్చాడు. ఎక్కువ వినేవాడిది ఎక్కువ వాటా అన్నాడు. గది కదలని సూర్రావుది సగం, నాది మూడోవంతు, సాయంత్రాలు బయటే తిరిగే తనది పావు. న్యాయంగానే వినిపించింది. ఇచ్చేశాం.

ఆ సంగతి చెబితే మేస్టారు గడికి పది రూపాయల లెక్కన అరుగు మీద పన్నెండు గళ్ళు గీశారు.

“సూర్రావు ఆరు, నువ్వు నాలుగు. మేస్త్రి పావంటే ఎన్ని?”

“మూడు.”

“కలుపు.”

రెండుసార్లు కలిపాను. రెండుసార్లూ పదమూడే.

“మరి పదమూడో గడి ఏదిరా సింహాద్రీ?”

మేస్త్రికి మిగిలినవి రెండు గళ్ళే. చెప్పింది ముప్పై, వేసింది ఇరవై.

“ఇప్పుడే ఎల్లి అడిగేత్తాను మేస్టారూ.”

“అడుగు. లెక్క తేల్తాది. తేలాక ఏటవుద్దో లెక్క సెప్పదు.”

గది నేల మీద బొగ్గుతో అవే గళ్ళు గీశాను. నా మీదకి లేచింది మేస్త్రి కాదు, సూర్రావు, అందరికంటే ఎక్కువ ఇచ్చినవాడు.

“పది రూపాయలకి నేలంతా మసి సేసినావేటి బావా? మనకి పని సూపించినోడాయన. ఎల్లి నీ పదమూడో గడిలో నువ్వే కూకో.”

మేస్త్రి నా నలభై నా ముందు పెట్టాడు. “రేడియో ఇనొద్దు. మా కుండలో తినొద్దు.”

తప్పుడు లెక్క చెప్పినవాడు కుండ దగ్గర, సరిచేసినవాడు గుమ్మం బయట. ఈ వయసులోనూ తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. రేవులో వాళ్ళిద్దరూ నాతో మళ్ళీ మాట్లాడలేదు.

చాప చంకన పెట్టుకుని చివరింటికి వెళ్ళాను. మేస్టారు తన కంచంలో అన్నం, చేపల పులుసు రెండు భాగాలు చేశారు.

“ఇద్దరికైతే సులువే,” అన్నారు. ముద్ద కలుపుతూ, “గళ్ళు నేర్పినాను గానీ, మనుషులు సెదిరిపోకండా అడగడం నాకే రాదురా,” అన్నారు.

ఆయన పోయేదాకా ఆ ఇంట్లోనే ఉన్నాను. తర్వాత ఉక్కు కర్మాగారం కడుతున్నప్పుడు గుత్తేదార్ల లెక్కల మీద ఎన్ని గళ్ళు గీశానో, ఎన్ని గదులు పోగొట్టుకున్నానో. అడగకుండా ఉండటం నాకు చేతకాలేదు. మరోలా అడగడమూ రాలేదు.

ఇప్పుడు పొత్తు ఒకటే కొంటాను. విరిపించి ఒక సగం తింటాను. రెండో సగం మేస్టారి వాటాగా కాగితంలో చుట్టించుకుని, వేళ్ళ మసి తుడుచుకోకుండా ఇంటికి నడుస్తాను.