గోదారి ఒడ్డున ఆగిన పాట

పాటలకు కాళ్లుంటాయని, అవి వారం వారం మెట్లెక్కుతాయని నా చిన్నప్పుడు నిజంగానే నమ్మాను. నమ్మకేం చేస్తాను, మా ఇంటి ఎదురుగానే అది జరిగేది మరి. మాది కరీంనగర్ వైపు నేతపనివాళ్ల ఊరు. మరమగ్గాలను మేం సాంచాలు అంటాం. పొద్దంతా వీధిలో సాంచాల చప్పుడే. ఆ చప్పుడును మించి వినిపించాలని ప్రతి షెడ్డులోనూ టేప్‌రికార్డర్ గొంతు చించుకునేది. వాటన్నిటికీ పాటలు మా ఎదురింటి క్యాసెట్ల చాచా దుకాణం నుంచే వెళ్లేవి.

చాచా తన దుకాణం ముందు అడ్డంగా, ఒకదాని కింద ఒకటి తాళ్లు కట్టి, వాటికి బట్టల క్లిప్పులతో క్యాసెట్ల అట్టలు వేలాడదీసేవాడు. ఊరు ఎక్కువగా కొన్నది పై తాడుకు, ఎవరూ అడగనిది కింది తాడుకు. శుక్రవారం నమాజు చదివి వచ్చాక వాటిని మళ్లీ సర్దేవాడు. పోయిన వారం పైనున్న సినిమా పాటల అట్ట కిందికి దిగిందంటే చాలు, చాయ్ తాగడానికి బయటికొచ్చిన పనివాళ్లు దాని మీద పంచాయితీ పెట్టుకునేవాళ్లు. నేను అరుగు మీద కూర్చుని, పాట తనంతట తానే ఎక్కుతుందా, చాచా ఎక్కిస్తాడా అని తెగ ఆలోచించేదాన్ని. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను కూడా.

"నేనెవర్ని బేటీ ఎక్కియ్యనీకి? పబ్లిక్ ఎక్కిస్తరు, పబ్లికే దింపుతరు" అన్నాడు చాచా. ఆ పబ్లిక్ అనే ఆయన ఎప్పుడొచ్చి వెళ్తాడో చూడాలని ఎన్ని శుక్రవారాలు కాపు కాశానో నాకే తెలుసు.

మా పక్కింటి అక్క, మా బాపు పనిచేసే షెడ్డులోనే నూలు కండెలు చుట్టేది. బాగా పాడేది. బాగా అంటే, సాంచాలు ఆడుతున్నా ఆమె గొంతు విడిగా తెలిసేది, అంత బాగా. ఒక బతుకమ్మ పండుగకు ఆమె పాట విన్న కరీంనగర్ క్యాసెట్ కంపెనీ ఆయన పిలిపించి పాడించాడు. అట్ట మీద అక్క ఫోటో కూడా వేశారు. నూనె రాసి దువ్విన జడ, బిగించిన పెదాలు, పోలీసులు పట్టుకున్న మనిషిలా ఉందని మేమంతా నవ్వాం. ఆమె కూడా నవ్వింది. కానీ కంపెనీ ఆయన చాచా దుకాణంలో క్యాసెట్ల డబ్బా దింపుతూ ఒక మాట చెప్పి వెళ్లాడు. వచ్చే బతుకమ్మ లోపల డబ్బా ఖాళీ అయితే ఇంకో క్యాసెట్, లేకపోతే డబ్బా వాపసు, పాటలు బంద్. ఇంట్లో వాళ్ల బాపు కూడా అదే మాట మీద ఉన్నాడు. వాపసు వచ్చిందంటే మళ్లీ పాటల ఊసెత్తొద్దు అన్నాడట.

అక్క సొంతంగా కట్టిన పాట ఒకటి అందులో ఉంది. అత్తగారింటి నుంచి పండుగకు పుట్టింటికి బయలుదేరిన ఒక పిల్ల ధర్మపురి దగ్గర గోదారి ఒడ్డుకు చేరుతుంది. నిండుగా పారుతున్న నది. అవతలి ఒడ్డున అన్న నిలబడి చెయ్యి ఊపుతుంటాడు. పడవాయన ఈ నీళ్లలో పడవ వెయ్యనంటాడు. పిల్ల బతిమాలుతుంది. ఆ తర్వాత కథ మిగతా చరణాల్లో ఉంటుంది.

ఇంత మంచి పాట ఉన్నా, అక్క అట్ట అన్నిటికంటే కింది తాడుకే వేలాడింది. ఆమె శుక్రవారం శుక్రవారం ఉప్పుకో చింతపండుకో వెళ్తున్నట్టు మా వీధి చివరిదాకా నడిచి, వస్తూ వస్తూ ఆ తాడు వైపు ఓ చూపు చూసేది. ఎవరైనా గమనిస్తారేమోనని వెంటనే కొంగు సర్దుకునేది.

చాచా మనసుకు బాధయిందేమో, ఒక ఉపాయం చేశాడు. అప్పట్లో జనం ఖాళీ క్యాసెట్ తెచ్చి, తమకిష్టమైన పాటలు చెప్పి ఎక్కించుకుని పోయేవాళ్లు. అడిగిన పాటలన్నీ ఎక్కించాక చివర కొంచెం టేపు మిగులుతుంది. ఆ మిగిలినదాంట్లో చాచా ఎవరికీ చెప్పకుండా అక్క పాట ఎక్కించడం మొదలుపెట్టాడు. మిఠాయి కొన్నవాళ్ల చేతిలో కొసరు పెట్టినట్టన్నమాట.

ఇక చూడండి. కొద్ది వారాల్లోనే మా వీధిలో ఏ షెడ్డు ముందు నిలబడ్డా అక్క పాటే. చాయ్ బండి దగ్గర అదే కూనిరాగం. మా బాపు స్నానం చేస్తూ పాడితే మా అమ్మ తలుపు కొట్టి ఆపించాల్సి వచ్చింది. నేను సంబరంగా శుక్రవారం కోసం ఎదురుచూశాను. చాచా అట్టలన్నీ సర్దాడు, అక్క అట్ట మాత్రం కింది తాడు దాటలేదు.

"అందరు గదే పాడుతున్నరు గదా చాచా, మరి ఎక్కుతలేదేంది?" అన్నాను.

క్లిప్పు పట్టుకున్న ఆయన చెయ్యి అట్లాగే ఆగిపోయింది. "ఇంట్ల ఉన్న పాటను మళ్ల ఎవరు కొంటరు బేటీ" అన్నాడు. మంచి చేయబోయి తన చేత్తో తానే డబ్బా మూత బిగించానని ఆయనకప్పుడే తెలిసింది. ఆ వారమంతా అక్క ఎదురుపడితే ఆయన లోపల ఏదో వెతుకుతున్నట్టు తల దించుకునేవాడు.

అట్లాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం మా నాయనమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా వీధి దాటి చాచా దుకాణానికి పోయింది. ఏం కొంప మునిగిందోనని నేను వెనకే పరుగెత్తాను. ఆమె నరసింహస్వామి భజనలు ఎక్కించుకున్న క్యాసెట్ చేతిలో ఉంది.

"ఓ సాబూ, ఆ పిల్ల గోదారి దాటిందా లేదా?" అంది.

"ఏ పిల్ల అవ్వా?"

"ఏ పిల్లనా? నా టేపుల ఎక్కియ్యమని నేనన్ననా? ఎక్కిచ్చినోనివి, బతిమాలుకుంట ఒడ్డు మీద నిలబెట్టి బంద్ జేస్తివి. అప్పటి సంది నాకు బువ్వ సయిస్తలేదు."

భజనలు ఎక్కువై టేపు కొంచెమే మిగిలింది, పాట మధ్యలోనే తెగింది. చాచా చెప్పబోయాడు. నోరు తెరిచాడు కూడా. తెరిచిన నోరు మూసుకుని, నా వైపు ఒకసారి చూసి, డబ్బాలోంచి అక్క క్యాసెట్ తీసి ఆమె ముందు పెట్టి, "ఇందుల ఉన్నది అవ్వా" అన్నాడు. తన కోసం ఒక గాజైనా కొనుక్కోని మా నాయనమ్మ కొంగుముడి విప్పింది. నేను నోరెళ్లబెట్టి చూశాను.

ఆ రోజు నుంచి చాచా ఎవరి టేపు చివర ఎంత మిగిలినా పాటను పిల్ల బతిమాలే దగ్గరే ఆపేశాడు. జనం తిట్టుకుంటూ వచ్చారు, నవ్వుకుంటూ వచ్చారు. ముందే పూర్తి పాట దొరికినవాళ్లు పెద్దమనుషులైపోయి, చెప్తాంలే అని ఊరించారు. వాళ్లు కథ చెప్పేస్తే ఎట్లా అని నేను కంగారుపడితే, "చెప్పనియ్యి బేటీ. చెప్తే ఇన్నది, పాడితే ఇన్నది ఒకటైతదా" అని చాచా తేలిగ్గా కొట్టిపారేశాడు. పక్క ఊళ్ల వాళ్లు కూడా ఆ పిల్ల సంగతి అడుగుతూ వచ్చారు.

పండుగ ముందు శుక్రవారం చాచా స్టూలు వేసుకుని అక్క అట్టను అన్నిటికంటే పై తాడుకు తగిలించాడు. అక్క ఈసారి ఉప్పు వంక పెట్టుకోలేదు, నేరుగా వచ్చి నిలబడింది. అప్పటికి ఆమెకు విషయం తెలిసింది. సంతోషం ఉంది, దాని పక్కనే నొప్పి కూడా ఉంది.

"నా పాటను నడుమల తెంపినవెందుకు చాచా?" అంది.

"తెంపలే బిడ్డా. సగం దాకా నేను తీస్కపోయిన. మిగిలిన సగానికి వాళ్లే నడిచొచ్చిండ్రు. చూడు, డబ్బా ఖాళీ."

అక్క ఆ ఖాళీ డబ్బాను బోర్లించి చూసి, ఏడుస్తూనే నవ్వింది. రెండో క్యాసెట్ వచ్చింది, తర్వాత ఇంకొన్ని వచ్చాయి. ఒకటి పైకెక్కింది, ఒకటి కింది తాడుకే ఉండిపోయింది. ఆమె మాత్రం పాడుతూనే ఉంది. చాచా పోయాడు, ఆ తాళ్లూ పోయాయి.

ఇప్పుడు మా మనవరాలు ఫోన్ చూపించి, ఈ వారం ఈ పాటే నంబర్ వన్ అమ్మమ్మా అంటుంది. కోట్లమంది చూశారంటుంది. చూసే ఉంటారు, నాకేం కుళ్లు లేదు. కానీ ఆ నంబర్ వన్‌ను తను సగం కూడా వినదు, వేలితో పక్కకు తోసేస్తుంది. ఏ పాట గురించైనా నాకు మనసులో వచ్చే ప్రశ్న ఒక్కటే. ఇది మధ్యలో ఆగితే, మిగతాదాని కోసం ఎవరైనా లేచి వస్తారా?

మొన్న తనకు ఫోన్‌లో ఎక్కడో అక్క పాట దొరికింది. ఎవరో తమ ఇంట్లోని పాత టేపులోంచి పెట్టారు. గరగరమంటున్నా గొంతు మాత్రం అదే. నేను కూర తరుగుతూ చెయ్యి ఆపేశాను. పిల్ల బయలుదేరింది, గోదారి వచ్చింది, అన్న చెయ్యి ఊపాడు, పడవాయన వెయ్యనన్నాడు, పిల్ల బతిమాలుతోంది. టక్కున ఆగిపోయింది. అది చాచా చేతి టేపే.

మనవరాలు ఫోన్‌ను అటూ ఇటూ తిప్పింది. వేలితో రుద్దింది. "గింతేనా? మరి దాటిందా అమ్మమ్మా?" అంది.

చెప్పబోయి నోరు మూసుకున్నాను. నాయనమ్మ కొన్న క్యాసెట్ నా బీరువాలో చీరల కింద ఉంది. అటక మీది టేప్‌రికార్డర్ పలుకుతుందో లేదో చూడాలి.

"ఇనాలంటే లేచి రా" అన్నాను. ఫోన్ మంచం మీద పడేసి, నాకంటే ముందే అటక కింద నిలబడింది.