సారవ్వ కాసిన రాళ్లు

బొగ్గు లారీల లైనులో సారవ్వ చేతి దెబ్బ తినని డ్రైవరు అరుదు. ఆమె హోటల్లో చాయ పోసే ఇత్తడి గంటెకు ఒళ్లంతా సొట్టలే. అవన్నీ గిన్నెలకు తగిలి పడ్డవి కావు. ఒకసారి పరాయి ఊరి డ్రైవరొకడు లైను దాటి ముందుకు దూరితే, ఆమె లారీ మెట్టెక్కి, కిటికీలోంచి ఆ గంటెతోనే వాడి ముక్కు పగలగొట్టింది. నెత్తురు తుడుచుకొమ్మని తన కొంగు చింపి ఇచ్చింది. తర్వాత అదే గంటెతో చాయ పోసింది.

"తాగు బిడ్డా. తాగినంక బండి ఎన్కకు తీయి," అంది. వాడు రెండు పనులూ చేశాడు.

హోటలంటే నాలుగు రేకులూ రెండు బల్లలూ. రామగుండం దాటాక రైల్వే సైడింగుకు ఎక్కే ఇరుకు రోడ్డు పక్కన ఉంటుంది. వ్యాగన్లలో వచ్చిన బొగ్గును సైడింగులో దించుతారు. ఖాళీ లారీలు ఆ ఎత్తు రోడ్డు మీద లైను కట్టి, ఒక్కొక్కటే పైకి పోయి, బొగ్గు నింపుకుని సిమెంటు ఫ్యాక్టరీల దారి పడతాయి. ఏటవాలు రోడ్డు గనుక, ఆగిన ప్రతి లారీకీ వెనక చక్రం కింద రాయి ఉండాల్సిందే. ఎవరి రాయి వాళ్లది. బండి చెడిపోయినా, ఇంట్లో చావో పుట్టుకో వచ్చినా, డ్రైవరు తన రాయిని లైనులో తన చోట వదిలి, "అవ్వా, నా రాయి చూస్కో," అని చెప్పి పోతాడు. వాడు తిరిగొచ్చేదాకా ఆ రాయే లారీ. లైను కదిలినప్పుడల్లా సారవ్వ గడ్డపారతో దాన్ని ముందుకు దొర్లిస్తుంది. జరిపేది సారవ్వ, తీసేది మాత్రం రాయి గలవాడే. ఇంకో చెయ్యి పడకూడదు.

ఈ కట్టుబాటు ఆమె పెట్టిందే. ఆమె భర్త రాజం బాయిలో పనిచేసేవాడు. ఈ ప్రాంతంలో బొగ్గు గనిని బాయి అనే అంటారు. పట్టాల మీద బొగ్గు మోసే నిండు టబ్బు జారకుండా ఒకడు పెట్టిన అడ్డకట్టెను, షిఫ్టు అయిపోతున్న తొందరలో ఇంకొకడు లాగేశాడు. టబ్బు దొర్లిపోయి, దిగువన ఉన్న రాజంను గోడకేసి నలిపింది. ఇంటికి మనిషి రాలేదు, మూట వచ్చింది. "ఎవని అడ్డం వాడే తీయాలె. పరాయి చెయ్యి తీస్తే పీనుగెల్లుతది," అని ఆమె ఆనాటినుంచి అంటూనే ఉంది. లారీల వాళ్లు మొదట నవ్వారు. గంటె తిన్నాక నవ్వడం మానేశారు.

సకల జనుల సమ్మె ముగిసిన ఏడు, దీపావళి దాటినా లైను తరగలేదు. పైపెచ్చు పెరిగింది. డ్రైవర్లు స్నానాలు లేక, సరైన తిండి లేక కుక్కల్లా కరుచుకుంటున్నారు. ఒకడు ఇంకొకడి చెవి కొరికి ఊడదీశాడు. ఏ సంగతైనా మొదలు దొరికేదాకా సారవ్వకు నిద్ర పట్టదు కాబట్టి, ఒకనాడు పొద్దున సైడింగులో పనిచేసే సదయ్య చాయకు రాగానే పట్టుకుంది.

"సమ్మె అయిపాయె, బాయిలు నడవబట్టె. ఇంకేం తిప్పలు సదయ్యా?"

"సమ్మెల బొగ్గు దొరకక ఫ్యాక్టరీలోళ్లందరు పరాయి దేశం బొగ్గు ఓడలకు చెప్పిండ్రు అవ్వా. చెప్పినయన్నీ ఒక్కపారే వచ్చినయ్."

బల్ల మీదున్న దస్తగిర్ తలూపాడు. లైనులో అందరికంటే పాత డ్రైవరు, సారవ్వ కొడుకు అంజికి స్టీరింగు నేర్పినవాడు. "మొన్న వైజాగు కిరాయికి పోయినప్పుడు నా కండ్లతోని చూసిన అక్కా. సముద్రంల ఓడలు మన లెక్కనే లైన్ల నిలబడ్డయ్. లంగరేసుకొని."

"లంగరంటే?"

"మన రాయసొంటిదే."

సారవ్వకు బోధపడింది. "నల్లా లెక్కన్నట్టు. రోజు వస్తే రెండు బిందెలోళ్లు రెండే తెస్తరు. నాలుగొద్దులు రాకపోతే ఇంట్ల ఉన్న గంజులు, తపేలాలు మోసుకొస్తరు. నీళ్లకంటె గిన్నెలే ఎక్కువైతయ్. సరే, ఇక్కడేం రోగం?"

"ఓడలోళ్లు వ్యాగన్లు లేవంటరు," అన్నాడు సదయ్య. "వ్యాగన్లేమో ఇక్కడ ఖాళీ అయితలేవు. దించుదామంటే జాగ లేదు, అంతా కుప్పలే. కుప్పలెత్తే మిషన్లు రెండున్నయ్, ఒకటి కరాబైంది. దాని సామాను లారీల వస్తున్నదట."

"ఆ లారీ ఏడున్నది మరి?"

సదయ్య చాయ గ్లాసు కింద పెట్టి మెల్లగా చెప్పాడు. "గీ లైన్లనే. బాగ ఎన్క."

హోటలంతా పగలబడి నవ్వింది. లైనులో ఆ నెలంతటికీ అదే చివరి నవ్వు.

ఆ మధ్యాహ్నమే దస్తగిర్ లారీ కమాను పట్టీలు విరిగాయి. ఆయన రాయిని గుర్తుపట్టనివాళ్లు లేరు. తెల్లటి సున్నపురాయి, దాని నడుమ ఆకుపచ్చ రంగు గీత. దాన్ని అంజి లారీకి సరిగ్గా ముందు పెట్టి, సారవ్వకు అప్పజెప్పి, బండిని రిపేరుకు గోదావరిఖని తీసుకుపోయాడు.

మర్నాడు ఎండ నడినెత్తికి వచ్చే వేళకు వీరేందర్ వచ్చాడు. యార్డు కాంట్రాక్టరు మనిషి. బొగ్గు లేక ఫ్యాక్టరీ బట్టీ చల్లారుతోందని పొద్దున్నుంచీ ఫోనులో కాంట్రాక్టరు చేత అమ్మనా బూతులు తింటున్నాడు. మూడు లారీలను ఎదురు వాహనాలు వచ్చే పక్కనుంచి ఎక్కించాడు. దాంతో రోడ్డు రెండు పక్కలా మూసుకుపోయింది, ఆటో కూడా పట్టదు. లైనులో దూరడానికి ఖాళీ ఒక్కచోటే కనిపించింది. దిగి, దస్తగిర్ రాయిని కాలితో తన్ని కాలువలోకి దొర్లించాడు.

"అది దస్తగిర్ రాయి," అంది సారవ్వ.

"రాయికి లైసెన్సున్నదా అవ్వా? బొగ్గు నింపుకుంటదా?"

ఆమె గంటె విసిరింది. అతను తప్పుకున్నాడు. అతని మనుషులిద్దరు ఆమె పాల గిన్నెను పొయ్యి మీదనే తలకిందులు చేశారు.

సరిగ్గా అప్పుడే దస్తగిర్ వచ్చాడు. లారీ దిగువన ఇరుక్కుపోతే నడిచి ఎక్కాడు.  కాలువలోకి దిగి, బురదలోంచి రాయిని భుజాన వేసుకుని, తన చోటు వైపు నడిచాడు. వీరేందర్ మనిషొకడు ఎత్తిన జాకీ రాడు మొదటి దెబ్బ ఆయన కుడి భుజం మీద పడింది. రాయి జారింది. రెండో దెబ్బకు తల కొబ్బరికాయలా పలికింది. ఆ శబ్దం సారవ్వకు తెలిసిన శబ్దమే అనిపించింది. బాయి దగ్గర ఆనాడు ఆమె వినలేదు, అయినా ఇన్నేళ్లూ విన్నది అదే.

అటు తర్వాత లైను లైనంతా లేచింది. పానాలు, గొలుసులు, టైరు లీవర్లు. వీరేందర్ మనుషుల్లో ఒకడి దవడ పక్కకు తిరిగిపోయింది. ఇంకొకడు పళ్లు ఉమ్ముకుంటూ పొలాలకడ్డం పడ్డాడు. రాడు ఎత్తినవాడి మోకాలిని పానాతో నుగ్గు చేశారు. వీరేందర్‌ను మాత్రం జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి, అంజి లారీ వెనక చక్రం కింద మెడ పెట్టి అదిమారు. అంజి తన రాయిని తనే తీసి పారేశాడు. ఇక బండిని ఆపుతున్నది హ్యాండ్ బ్రేకు ఒక్కటే. క్యాబిన్ ఎక్కాడు.

"ఇడువు అంజిగా," అన్నారు ఎవరో. "ఇడువు, ఇడువు," అన్నారందరూ.

సారవ్వ లారీ పక్క అద్దంలో కొడుకు ముఖం చూసింది. ఆ ముఖానికి మాట వినపడదు.  నెత్తురు పడిన తెల్లరాయిని రెండు చేతులా ఎత్తి, మోకాళ్ల మీద పడి, చక్రానికీ వీరేందర్ మెడకూ మధ్య దూర్చింది. అంతలో అంజి బ్రేకు విడిచాడు. లారీ కిర్రుమని వెనక్కి ఒరిగింది. రాయి నేలలోకి దిగి ఆగింది. సారవ్వ ఎడమచేతి చివరి రెండు వేళ్లు రాయికీ టైరుకూ మధ్యన ఉండిపోయాయి.

ఆమె ముక్కుతూ ఒకటే మాట అంది. "అంజీ, బిడ్డా, నా చెయ్యి."

అంజి బండిని ముందుకు లాగి దూకాడు. వేళ్లు వేళ్లలా లేవు.  ఆమె రాయిని మళ్లీ టైరుకు ఆనించి, కొంగుతో చెయ్యి చుట్టుకుని, రాయి మీదనే కూర్చుంది.

"ఇది ఎవల రాయి?"

చుట్టూ ఉన్న ముఖాలను ఒక్కొక్కటే చూసి, జవాబూ తనే చెప్పింది.

"దస్తగిర్ది. ఎవలు తీయాలె?"

"దస్తగిర్ చాచా," అన్నాడు అంజి. 

"ఆయనొచ్చి తీసిందాంక గీ బండి కదలది. గీని మెడ కోసుడో, ఇడుసుడో అప్పుడు ఆయననే అడుగుండ్రి. అడగాల్నంటే ఆయన బతకాలె. బతకాల్నంటే తొవ్వ కావాలె. నా మొఖం ఏం జూస్తుండ్రు?"

అప్పటిదాకా చంపడానికి ఎత్తిన చేతులే స్టీరింగులు పట్టాయి. వీరేందర్ పాకుకుంటూ లేచి, తన లారీల డ్రైవర్లు పారిపోయారు గనుక, మొదటిదాన్ని తనే వెనక్కి తీశాడు. ఏడుస్తూనే తీశాడు. ఒక్కొక్క లారీ పొలాల్లోకి దిగింది. దస్తగిర్‌ను తలుపు చెక్క మీద పడుకోబెట్టి ఆటోలో దవాఖానకు పంపారు. సారవ్వను అదే ఆటోలోకి తోశారు. ఆ తెరిచిన సందులోంచే మిషను సామాను లారీ కూడా పైకి పోయింది. తర్వాత లైను కదలడం మొదలైంది. అంజి లారీ ఒక్కటే కదలలేదు. ఆ రాయిని తీయమని చెప్పేవాడూ లేడు, తీసేవాడూ లేడు. వందల లారీలు దాన్ని తప్పుకుని బొగ్గుకు పోయాయి. అంజి రోజూ వచ్చి ఖాళీ క్యాబిన్‌లో కూర్చుని, అమ్మ హోటలుకు నీళ్లు మోసి, తిరిగి వెళ్లేవాడు. తల్లి చేతి కట్టు వైపు చూసేవాడు కాదు.

చలి ముదిరాక ఒక పొద్దున ఆటో వచ్చి ఆగింది. ముందు దస్తగిర్ భార్య సుగ్రా బీ దిగింది.

"రాయి తీయాలె, రాయి తీయాలె అని మంచంల పానం తీస్తున్నడు అక్కా. అందుకే తోలుకొచ్చిన."

దస్తగిర్ తల సగం గొరిగి ఉంది. కుడి చెయ్యి భుజం నుంచి తాడులా వేలాడుతోంది. రాయి దగ్గర చతికిలబడి, ఎడమచేత్తో ఆ చేతిని ఎత్తి, ఆకుపచ్చ గీత మీద పెట్టుకున్నాడు. అది అక్కడే పడి ఉంది. వేళ్లు ముడవలేదు.

"చెయ్యైతే వచ్చింది అక్కా," అన్నాడు. "పనికే వస్తలేదు."

సారవ్వ తన కట్టు చేతిని ఒకవైపు రాయి కింద దూర్చింది. కొడుకు వైపు చూసింది. అంజి బండికి హ్యాండ్ బ్రేకు బిగించి వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. మొదటిసారి తల్లి చేతిని, లేని వేళ్ల చోటును, కళ్లార్పకుండా చూశాడు. దస్తగిర్ చెయ్యి పైన, వాళ్ల చేతులు కింద. ముగ్గురూ రాయి లేపారు.

దస్తగిర్ రోడ్డు పైకీ కిందికీ చూశాడు. ఆ పూట అంజి బండి తప్ప ఒక్క లారీ కూడా లేదు.

"లైన్ల నా ముంగట ఎవలున్నరు అక్కా?"

"ఎవల్లేరు," అంది సారవ్వ. "ఫస్టు నంబరు నీదే. కూసో, చాయ పోస్త."