గుండెకేం లేదన్నారు

వారం రోజులుగా ఛాతీ పట్టేసినట్టుంటే, ఈ రోజు ఆఫీసుకు సెలవు పెట్టి గవర్నర్‌పేటలో డాక్టరు గారికి చూపించుకున్నాను. నాకేమైనా అయితే ఆటిజం ఉన్న మా ఎనిమిదేళ్ల పాపను ఎవరు చూస్తారన్నదే నా భయం. ఆయనతో ఆ మాటే అన్నాను.

ఈసీజీ బాగానే వచ్చింది.

"గుండెకేం లేదండీ, ఇది ఒత్తిడి. ముందు ఈ బాధంతా మీ ఆవిడతో చెప్పుకోండి," అన్నారాయన.

ఇంటికొచ్చి, పాపకు అన్నం తినిపిస్తున్న మా ఆవిడకు అంతా చెప్పేశాను. ఆమె చేతిలో ముద్ద ఆగిపోయింది.

"నాకూ అలాగే ఉంటోందండీ. మీరు కంగారు పడతారని చెప్పలేదు," అంది.

ఇద్దరికీ నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. పాప మాత్రం ముద్ద కోసం వాళ్లమ్మ చెయ్యి లాగింది.

రేపు ఆవిడను కూడా డాక్టరు గారికి చూపించడానికి వెళ్తున్నాం. ఇన్నాళ్లకు ఛాతీ తేలికైంది. మీ ఇంట్లో ఎవరేం దాస్తున్నారో మీరూ ఓసారి అడిగి చూడండి.